ఆసియా స్త్రీల ఫుట్‌బాలు పోటీలు – పూర్వాపరములు

ఫుట్‌బాలు ప్రస్తావన వచ్చినప్పుడెల్ల మన తెలుగువారి యిండ్లలో పెద్దలు మొదట తలచుకొనునది హైదరాబాదు నగరమును. ఆ నగరమునకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు తీర్చిదిద్దిన భారత జట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాల్గవ స్థానము పొందినదనియు, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచినదనియు చెప్పుకొని సంతోషింతురు. సంతోషింపదగిన విషయమే. కాని భారతదేశపు స్త్రీలు సైతము ఒకనాడు ఈ ఆటలో ఆసియా ఖండమున ద్వితీయ స్థానమున నిలిచిరనియు, అదియు ఒక్కసారి గాక రెండుసార్లు నిలిచిరనియు ఎరిగినవారు మనలో మిక్కిలి అరుదు. పురుషుల విజయములను పిల్లలకు కథలుగా చెప్పుచు వచ్చితిమి. స్త్రీల విజయములను చెప్పుటకు మనకు తోచలేదు. ఆ కొరతను కొంతయైనను తీర్పవలెనను కోరికతో ఆసియా స్త్రీల ఫుట్‌బాలు పోటీల చరిత్రను ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

నిషేధము నడుమ పుట్టిన ఆట

ఈ పోటీలు ఎట్లు పుట్టినవో తెలియుటకు మొదట ఇంగ్లండు దేశపు సంగతి కొంత చెప్పవలసియున్నది. మొదటి ప్రపంచయుద్ధ కాలమున అచ్చటి పురుషులు రణరంగమునకు పోగా స్త్రీలు కార్మాగారములలో పనికి కుదిరిరి. పని ముగిసిన వెనుక ఫుట్‌బాలు ఆడ నారంభించిరి. డిక్ కెర్ అను కార్ఖానాకు చెందిన స్త్రీల జట్టు 1920 డిసెంబరులో లివర్‌పూల్ నగరమున ఆడగా చూచుటకు వచ్చినవారు 53,000 మంది. ఆ మరుసటి సంవత్సరమే, అనగా 1921 డిసెంబరులో, ఇంగ్లండు ఫుట్‌బాలు సంఘమువారు ఈ ఆట స్త్రీలకు తగినది కాదని తీర్మానించి, తమ సంఘమునకు చెందిన మైదానములలో స్త్రీలను ఆడనీయరాదని ఉత్తరువు చేసిరి. ఆ నిషేధము సుమారు అర్ధ శతాబ్ద కాలము నిలిచెను. ఆట పుట్టిన దేశమే ఇట్లు తలుపు మూయగా తక్కిన దేశముల ఫుట్‌బాలు సంఘములు స్త్రీల ఆటను పట్టించుకొనకుండుటలో వింత లేదు.

ఇట్టి స్థితిలో ఆసియాలో కొందరు ఎవరి అనుమతికిని ఎదురుచూడక తామే ఒక సంఘమును కట్టుకొనిరి. 1968లో హాంగ్‌కాంగ్ కేంద్రముగా ఆసియా మహిళా ఫుట్‌బాలు సమాఖ్య ఏర్పడెను. హాంగ్‌కాంగ్, తైవాన్, మలేషియా, సింగపూరు దానికి మొదటి సభ్యులు. హాంగ్‌కాంగ్ వాస్తవ్యురాలగు వెరోనికా చాన్ అను ఆమె దీనికి ముఖ్య సూత్రధారిణి. ఈ సమాఖ్యకు పురుషుల ఆసియా సమాఖ్యతో సంబంధము లేదు. ప్రపంచ సంస్థయగు ఫిఫా గుర్తింపును లేదు. ఆడవలెనను కోరికయు, ఆడించువారి చేతి సొమ్మును, పట్టుదలయు మాత్రమే దానికి మూలధనము.

మొదటి పోటీలు

ఈ సమాఖ్యవారి ప్రథమ పోటీ 1975లో హాంగ్‌కాంగులో జరిగెను. ఆరు జట్లు వచ్చినవి. న్యూజీలండు జట్టు తుదిపోటీలో థాయిలండును 3–1 గోలులతో ఓడించి కప్పును గెలిచెను. న్యూజీలండు ఆసియాలోనిది కాదు గదా యని చదువరులు ప్రశ్నింపవచ్చును. నిజమే, ఆ రోజులలో ఆడదలచిన జట్లే కొలదిగా నుండెను గనుక వచ్చినవారినెల్ల చేర్చుకొనిరి. ఆ దేశపు స్త్రీల జట్టుకు అంతర్జాతీయముగా అదియే మొదటి పోటీ యగుట విశేషము. మొట్టమొదటి ప్రయాణముననే కప్పుతో ఇల్లు చేరిన భాగ్యము ఎందరికి కలుగును?

పిదప తైవాన్ ప్రాభవము మొదలయ్యెను. 1977లో తమ రాజధాని తైపే నగరముననే థాయిలండును ఓడించి ఆ జట్టు విజేత యయ్యెను. రాజకీయ కారణములచే తైవానును 1974లో పురుషుల ఆసియా సమాఖ్య నుండి తొలగించియుండిరి. స్త్రీల సమాఖ్య వేరుగా నుండుటచేత ఆ దేశపు స్త్రీలకు మాత్రము ఆసియాలో ఆడుటకు చోటు మిగిలెను. ఆ జట్టునకు ములాన్ జట్టని పేరు. తండ్రికి బదులుగా పురుషవేషము ధరించి యుద్ధమునకు పోయిన వీరకన్యగా చీనా గాథలలో ములాన్ ప్రసిద్ధురాలు. మన కాకతీయ రుద్రమదేవిని పురుషవేషమున సింహాసన మెక్కించిన కథ నెరిగిన తెలుగువారికి ఆ పేరు పెట్టుటలోని ఔచిత్యమును వేరుగ వివరింప నక్కరలేదు.

కోళికోడులో భారత స్త్రీలు

మన దేశమున స్త్రీల ఫుట్‌బాలు సమాఖ్య 1975లో ఏర్పడెను. లక్నోకు చెందిన బేగం హమీదా హబీబుల్లా గారు దానికి అధ్యక్షత వహించిరి. అదే సంవత్సరమున ఉత్తరప్రదేశమునందలి సుల్తాన్‌పూరులో మొదటి జాతీయ పోటీలు జరిగెను. ఈ సమాఖ్య కూడ అఖిల భారత ఫుట్‌బాలు సంఘముతో సంబంధము లేక తనకు తానై నడిచినదే. అది పుట్టి అయిదేండ్లయిన కాకమునుపే ఆసియా పోటీలను మన గడ్డపై జరుపుటకు సాహసించినదన్నచో దానిని నడిపినవారి ధైర్యమును మెచ్చుకొనక తప్పదు.

ఆ పోటీలు 1980 జనవరిలో కేరళదేశపు కోళికోడు నగరమున జరిగెను. మలబారు ప్రాంతమున ఫుట్‌బాలన్నచో ప్రజలకు గల మక్కువ తెలిసినదే. భారతదేశము ఎస్, ఎన్ అను ఆంగ్ల అక్షరములతో రెండు జట్లను నిలిపెను. ఆస్ట్రేలియా పక్షమున పశ్చిమాస్ట్రేలియా రాష్ట్రపు జట్టు వచ్చెను. ఎస్ జట్టు తుదిపోటీ వరకు గెలుచుచు వచ్చి, తైవాను చేతిలో 2–0 గోలులతో ఓడి ద్వితీయ స్థానము పొందెను. 1981లో హాంగ్‌కాంగ్ పోటీలలో మనకు తృతీయ స్థానము. 1983లో థాయిలండు దేశమున జరిగిన పోటీలలో మరల తుదిపోటీకి చేరితిమి. ఆతిథేయులు 3–0 గోలులతో గెలిచిరి. ఆ సంవత్సరమే బెంగాలునకు చెందిన శాంతి మల్లిక్ గారికి అర్జున పురస్కారము లభించెను. ఫుట్‌బాలు ఆడు స్త్రీకి ఆ గౌరవము దక్కుట అదియే మొదలు.

వరుసగా మూడు పోటీలలో ద్వితీయ, తృతీయ, ద్వితీయ స్థానములు! ఆనాడు జపాను జట్టు ఒక్కసారియైనను తుదిపోటీ చేరియుండలేదు. చీనా అసలు రంగములోనికే దిగలేదు. ఆ దేశముల కంటె మనము ముందుంటిమని నేటి బాలికలకు చెప్పిన నమ్ముదురా?

చీనా రాక

1986వ సంవత్సరము రెండు విధముల ముఖ్యమైనది. మొదటిది, ఆ సంవత్సరము మెక్సికోలో జరిగిన ఫిఫా మహాసభలో ఎలెన్ విల్లె అను నార్వే దేశపు ప్రతినిధి లేచి, సంస్థవారి నివేదికలో స్త్రీల ఆటను గూర్చి చెప్పిన దేమియు లేదని ఎత్తిచూపి, స్త్రీలకును ప్రపంచ పోటీ కావలెనని కోరెను. పురుషులతో నిండిన ఆ సభలో స్త్రీ ఒకతె వేదిక నెక్కి మాటాడుటయే వింత. ఆ మాట వృథా పోలేదు. 1988లో చీనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమున ప్రయోగాత్మకముగా ఒక పోటీ జరిపి, 1991లో అదే రాష్ట్రమున మొదటి ప్రపంచ కప్పు పోటీని నిర్వహించిరి.

రెండవది, ఆసియా మహిళా సమాఖ్య పురుషుల ఆసియా సమాఖ్యలో విలీనమయ్యెను. చీనా పోటీలలో ప్రవేశించెను. ప్రవేశించిన మొదటిసారియే హాంగ్‌కాంగులో జపానును 2–0 గోలులతో ఓడించి కప్పును గెలిచి, 1999 వరకు జరిగిన ఏడు పోటీలలో ఏడింటిని తానే గెలిచెను. 1996 ఒలింపిక్ క్రీడలలో రజతపతకము పొందెను. 1999లో అమెరికాలో 90,000 మందికి పైగా ప్రేక్షకుల యెదుట ప్రపంచ కప్పు తుదిపోటీ ఆడి పెనాల్టీలలో ఓడెను. సర్కారే పిల్లలను చిన్ననాటనే ఎంచి క్రీడాపాఠశాలలలో చేర్చి, తిండి, బట్ట, శిక్షణ ఇచ్చి పెంచుట ఈ జయములకు మూలము.

జపాను వేరొక మార్గము త్రొక్కెను. 1989లోనే స్త్రీలకు ప్రత్యేకముగా ఒక దేశీయ లీగును నెలకొల్పెను. ఏటేట నియమముగా ఆడు జట్లు ఉండుటచే క్రీడాకారిణులు ఒక తరము వెనుక ఒక తరము తయారగుచు వచ్చిరి. ఫలము వెంటనే దొరకలేదు. 1986లో తుదిపోటీలో ఓడిన జపాను ఆసియా కప్పు కొరకు 28 ఏండ్లు వేచి, 2014లో వియత్నాము దేశమున ఆస్ట్రేలియాను 1–0 గోలుతో ఓడించి తొలిసారి గెలిచెను. 2018లో మరల గెలిచెను. అంతకుముందే, 2011 మార్చిలో భూకంపమును సముద్రపు ఉప్పెనయు ఆ దేశమును కలచివేసిన నాలుగు నెలలకు, హొమారె సావా నాయకత్వమున ప్రపంచ కప్పునే తెచ్చియుండెను. ఆసియా జట్టు స్త్రీల ప్రపంచ కప్పును గెలుచుట అదియే ప్రథమము.

మనమెట్లు వెనుకబడితిమి

ఈ రెండు దేశములును ఇట్లు మెట్లు కట్టుకొనుచుండగా మన దేశమున జరిగినదేమి? మహిళా సమాఖ్య 1990 దశాబ్ది ఆరంభమున అఖిల భారత సంఘమునందు చేరిపోయెను. చేరిక వలన ఆటకు గుర్తింపు వచ్చినది. ఆలనాపాలన మాత్రము రాలేదు. జాతీయ పోటీలు ముగిసిన వెనుక క్రీడాకారిణులు ఆడుటకు దేశమంతటికి ఒక లీగు లేకపోయెను. 1998లో బాంకాక్ ఆసియా క్రీడలలో భారత జట్టు చీనా చేతిలో 16–0 గోలులతో ఓడెను. పదునైదేండ్ల క్రితము అదే థాయిలండు దేశమున తుదిపోటీ ఆడినవారమని తలచినచో ఈ అంకెలోని వేదన తెలియును. 2003 తరువాత పందొమ్మిదేండ్ల వరకు ఆసియా కప్పు ముఖ్య పోటీలలో భారతదేశపు పేరే లేదు.

ఆ చీకటి దినములలోను దీపమారకుండ కాచినవారు మణిపూరు స్త్రీలు. ఓయినం బెంబెం దేవి గారు చిన్ననాట మగపిల్లలతో కలసి ఆడి నేర్చి, 1995లో పదునైదేండ్ల వయసున మలేషియాలో జరిగిన ఆసియా పోటీలలో దేశము పక్షమున ఆడిరి. తరువాత రెండు దశాబ్దములు ఆ భారమును మోసిరి. 2017లో అర్జున పురస్కారము, 2020లో పద్మశ్రీ వారిని వరించెను. వారు ఆడుకాలము దాదాపు ముగియవచ్చిన పిమ్మట, 2016–17లో, మన దేశమున స్త్రీల లీగు ఆరంభమయ్యెను. జపాను లీగునకును మన లీగునకును నడుమ ఇరువదియేడేండ్ల అంతరమున్నది. మన వెనుకబాటునకు కారణమును వెదకువారు ఈ లెక్కను చూచిన చాలును. బాలికలలో శక్తి తగ్గలేదు. ఆ శక్తి నిలుచుటకు ఏర్పాటు లేకపోయెను.

వస్త్రధారణ వివాదము

ఆసియా ఖండపు స్త్రీలకు ఆటలో ఎదురైన అడ్డంకులలో వస్త్రధారణ యొకటి. 2011 జూనులో ఒలింపిక్ అర్హత పోటీ ఆడుటకు జోర్డాను వెళ్ళిన ఇరాను స్త్రీలను, తలపై వస్త్రము ధరించిరను కారణమున, ఆట ఆరంభమునకు కొంచెము ముందుగా ఆడరాదని నిషేధించిరి. క్రీడాకారిణులు మైదానముననే కన్నీరు పెట్టుకొనిరి. ఇంట కప్పుకొమ్మనువారు, బయట తీయుమనువారు. నడుమ ఆడదలచిన పిల్ల యేమి చేయవలెను? ఫిఫా 2014లో ఆ నిషేధమును రద్దు చేసెను. 2018లో ఆసియా కప్పు పోటీలే జోర్డానులో జరిగెను; 2022లో ఇరాను జట్టు తొలిసారి ఈ కప్పునకు ఆడెను. ఆ మొదటి ఆట జరిగినది మన దేశముననే, మన జట్టుతోనే.

మహారాష్ట్రమున జరిగిన పోటీలు

2022లో ఆసియా కప్పు ముంబాయి, నవీ ముంబాయి, పూనా నగరములలో జరిగెను. మొదటిసారి పండ్రెండు జట్లు పాల్గొనెను. కోవిడు వ్యాధి ప్రబలి యుండుటచే ప్రేక్షకులను రానీయక ఆడించిరి. మహారాష్ట్రమున స్థిరపడిన మనవారు తమ యూరి మైదానమున జరుగు ఆటను టెలివిజనులో చూచుకొనవలసి వచ్చెను. జనవరి 20వ తేదీన భారత జట్టు ఇరానుతో ఆడగా ఇరువురికిని గోలు లేదు. 23వ తేదీన తైవానుతో ఆడవలసియుండగా మన శిబిరమున వ్యాధి వ్యాపించి, నిబంధన ప్రకారము కావలసిన పదుమువ్వురు క్రీడాకారిణులు సైతము మిగులలేదు. ఆట ఆడకయే భారతదేశము పోటీనుండి వైదొలగినట్లు నిర్ణయమయ్యెను. ఆడిన ఒక్క ఆటయు లెక్కలోనికి రాకపోయెను. నలువదిరెండేండ్లకు మరల మన గడ్డకు వచ్చిన పోటీలో ఆతిథేయులకు దక్కినది ఇది. ఓడియున్నచో ఒక తీరు. ఆడనే లేకపోవుట మరియొక తీరు.

పోటీలు మాత్రము రమ్యముగా సాగెను. ఫిలిప్పీన్సు, వియత్నాము జట్లు ఇచ్చటి నుండియే తొలిసారి ప్రపంచ కప్పునకు అర్హత సంపాదించెను. తుదిపోటీలో దక్షిణ కొరియా సగము ఆట ముగియుసరికి రెండు గోలులు ముందుండగా, చీనా జట్టు చలింపక మూడు గోలులు చేసి గెలిచెను. మూడవది ఆట ముగియవలసిన వేళ దాటిన పిమ్మట, అదనపు నిమిషములలో పడెను. ఆ జట్టునకు శిక్షణ నిచ్చిన షుయి చింగ్‌షియా గారు పూర్వము చీనా పక్షమున ఆడిన క్రీడాకారిణియే. నిన్న ఆడినవారు నేడు నేర్పువారగుట ఏర్పాటు గల దేశముల లక్షణము.

పునరుత్థానము

మన కథ అంతటితో ముగియలేదు. 2025 జూను, జూలై నెలలలో థాయిలండునందలి చియాంగ్ మై నగరమున అర్హత పోటీలు జరిగెను. భారత స్త్రీలు మంగోలియాను 13–0, తూర్పు తైమూరును 4–0, ఇరాకును 5–0 గోలులతో ఓడించిరి. జూలై 5వ తేదీన ఆతిథేయులగు థాయిలండుతో నిర్ణాయకమైన ఆట. అంతకుముందు రెండుమారులు ప్రపంచ కప్పు ఆడిన జట్టు అది. బెంగాలునకు చెందిన సంగీతా బాస్ఫోర్ రెండు గోలులు చేయగా భారతదేశము 2–1తో గెలిచి, 2026లో ఆస్ట్రేలియాలో జరుగు ఆసియా కప్పునకు అర్హత పొందెను. అర్హత పోటీలు గెలిచి ఆసియా కప్పులో చోటు సంపాదించుట మనకు అదియే మొదటిసారి. 1983లో ఏ థాయిలండు గడ్డపై తుదిపోటీలో ఓడితిమో, నలువదిరెండేండ్లకు ఆ గడ్డపైననే ఆ జట్టునే గెలిచితిమి.

ఆ జట్టులో ఒడిశా రాష్ట్రపు సుందర్‌గఢ్ ప్రాంతమునకు చెందిన ప్యారీ ఖాఖా కలదు. మంగోలియాపై ఆమె ఒక్కతెయే ఐదు గోలులు చేసెను. తమిళనాటి ప్రియదర్శిని సెల్లదురై కలదు. తెలంగాణమున నిజామాబాదు జిల్లానుండి వచ్చిన గుగులోత్ సౌమ్య కలదు. 2024–25 సంవత్సరమునకు దేశమున ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత సంఘమువారు ఆమెనే ఎన్నుకొనిరి. రహీమ్ గారి కాలమున హైదరాబాదు పురుషులు తెచ్చిన పేరును నేడొక తెలంగాణ తండా బిడ్డ మరల తెచ్చుచున్నది. మన పిల్లలకు చెప్పుటకు ఇంతకంటె మంచి కథ ఏమి కావలయును?

మన సంఘములు చేయదగిన పని

ఈ చరిత్ర చదివినవారికి రెండు సంగతులు స్పష్టపడును. ఉత్సాహవంతులు నలుగురు కూడినచో అధికారుల అనుమతి లేకయే గొప్ప కార్యము పుట్టును. 1968 నాటి హాంగ్‌కాంగ్ స్త్రీలును, 1975 నాటి మన సమాఖ్యయు దానికి సాక్ష్యము. అయితే ఆ ఉత్సాహమునకు వెనుక నిత్యమైన ఏర్పాటు లేనిచో పుట్టిన కార్యము ఒక తరముతోనే వాడిపోవును. ఇతర భాషల నడుమ స్థిరపడి, సొంత సొమ్ముతో పాఠశాలలును గ్రంథాలయములును నడుపుకొని తెలుగును నిలుపుకొన్న మనబోటి కుటుంబములకు ఈ నీతి కొత్తది కాదు. నడుపువారున్నన్నాళ్ళు మన రాత్రి బడులు నడిచినవి. వారి వెనుక మరియొకరు రానిచోట తలుపులు మూతపడినవి.

కావున మన సంఘముల కార్యవర్గములకు ఒక విన్నపము. ఉగాదికిని సంక్రాంతికిని మనము బాలికలకు ముగ్గుల పోటీ, పాటల పోటీ, కుర్చీలాట పెట్టుచున్నాము. మగపిల్లలకు మైదానము నిచ్చుచున్నాము. ముగ్గులు ఉండవలసినవే. వానితో పాటు బాలికలకు ఒక బంతియు, వారమునకు రెండు సాయంకాలములు మైదానమున చోటును, ఆడి వచ్చినవారిని చీకటిపడక మునుపు ఇల్లు చేర్చు పెద్ద ఒకరిని ఏర్పాటు చేయుడు. దీనికగు వ్యయము వార్షికోత్సవపు పందిరి ఖర్చులో నాలుగవ వంతయినను కాదు. ఎవరి అమ్మాయి యైనను తాను ఆడుదునని అడిగినచో, పెండ్లి యెట్లగును, నలుపెక్కునేమో యని అడ్డు చెప్పక పంపుడు.

మరియొక మాట. మేము ఉద్యోగ కాలమంతయు గుమాస్తాగిరిలో గడిపినవారము. పుస్తకమున కెక్కని పని ఎంత గొప్పదైనను రెండు తరములకు మించి జ్ఞాపకముండదని ఎరిగినవారము. కోళికోడులో ఆసియాను మెప్పించిన స్త్రీల పేర్లు వారి వీధులలోనివారికే తెలియకపోవుట మనము చూచుచున్నదే. మీ యూరి బాలికలు ఆడిననాడు సంఘపు మినిట్సు పుస్తకమున తేదీని, జట్టులోని వారి పేర్లను, చేసిన గోలులను వ్రాసియుంచుడు. వచ్చు సంచిక నాటికి ఆ పేర్లు కొన్ని ఈ పుటలకు చేరవలెనని మా కోరిక.